రెండు నిమిషాల విమానం!

మన శంషాబాద్ రన్‌వే కన్నా చిన్నది ఆ ప్రయాణం. ఎక్కేది గట్టిగా ఎనిమిది మంది. టికెట్ల డబ్బు ఒక్కదాంతో ఆ సర్వీసు నడవదు. అయినా 1967 నుంచీ ఎగురుతూనే ఉంది. ఎందుకంటే అది ఆగితే కొన్ని ఊళ్లే ఉండవు. స్కాట్లండ్ దీవుల మధ్య తిరిగే చిన్న విమాన సంస్థ ‘లోగన్‌ఎయిర్’ కథ ఇది.

పైలట్ సీట్లోంచే తల వెనక్కి తిప్పి ‘అందరూ బెల్టులు పెట్టుకున్నారా?’ అని అడుగుతాడు. అతనికీ ప్రయాణికులకీ మధ్య అడ్డుగోడ ఉండదు. ఎయిర్ హోస్టెస్ ఉండదు. టీ, బిస్కెట్ల మాటే లేదు. సీట్లు నిండితే ఒకరు ఏకంగా పైలట్ పక్కనే కూర్చోవచ్చు, మన ఊళ్లో జీపులో డ్రైవరు పక్కన కూర్చున్నట్టు. రెండు ఫ్యాన్లు గిర్రున తిరుగుతాయి. విమానం కొద్ది దూరం పరుగెత్తి గాల్లోకి లేస్తుంది. కింద సముద్రం కనిపిస్తుంది. ‘అబ్బ, ఎంత బావుందో’ అనుకునేలోపే ముక్కు కిందికి వంచి అవతలి దీవిలో దిగిపోతుంది.

టైంటేబుల్లో ఆ ప్రయాణానికి రాసిన సమయం 2 నిమిషాలు. గాలి కలిసొస్తే నిమిషంలోపే అయిపోతుంది. 53 సెకన్లలో దింపేసిన రికార్డు కూడా ఉంది. స్టువర్ట్ లింక్‌లేటర్ అనే పైలట్ పేరు మీదుందది.

ఉత్తర స్కాట్లండ్‌కి ఆవల, ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి వెళ్లే ఈ సర్వీసు ప్రపంచంలోకెల్లా చిన్న విమాన ప్రయాణంగా పేరు తెచ్చుకుంది. రెండు దీవుల మధ్య దూరం 2.7 కిలోమీటర్లే. హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయంలో ప్రధాన రన్‌వే పొడవు 4.26 కిలోమీటర్లు. అంటే అక్కడ ఊరు దాటి ఊరికి వెళ్లినంత దూరం, ఇక్కడ విమానం నేల విడిచి లేవడానికి వేసిన రోడ్డంత కూడా లేదన్నమాట!

వినోదం కోసం వెళ్లి ఈ విమానం ఎక్కేవాళ్లున్నారు. ఎక్కినట్టు సర్టిఫికెట్ కూడా ఇస్తారు. అది పుచ్చుకుని, ఫొటోలు దిగి, మురిసిపోతూ తిరిగెళ్తారు. కానీ విమానం నడిచేది వాళ్ల కోసం కాదు.

పంతులమ్మ... డాక్టరు... బ్యాంకు

ఆర్క్‌నీ అంటే ఒక్క దీవి కాదు, 70 దాకా ఉన్నాయి. వాటిలో మనుషులుండేవి ఓ ఇరవై. మొత్తం జనాభా ఓ 22 వేలు. అంటే మన దగ్గర ఓ పెద్ద మేజరు పంచాయతీ అంత. అందరికీ పట్నం కిర్క్‌వాల్. పెద్దాసుపత్రి, పెద్ద హైస్కూలు, కచేరీలు అన్నీ అక్కడే. వెస్ట్రేలో ఓ ఆరువందల మంది ఉంటారు. పాపా వెస్ట్రేలో వందమంది కూడా లేరు.

అయితే ఆ ఊరు నిన్నా మొన్నా పుట్టింది కాదు. అయిదు వేల ఏళ్లకు పైబడిన రాతి ఇల్లు ఒకటి అక్కడ సముద్రపు ఒడ్డున ఇప్పటికీ గోడలతో సహా నిలిచి ఉంది. ‘నాప్ ఆఫ్ హోవర్’ అంటారు దాన్ని. ఉత్తర ఐరోపాలో నిలిచి ఉన్న అతి పాత ఇళ్లలో అదొకటి. అన్ని వేల ఏళ్ల కిందట మనుషులు కాపురాలు పెట్టిన నేల మీద ఈరోజు కొన్ని కుటుంబాలు నిలబడి ఉండటానికి ఆ చిన్న విమానం ఓ ఆధారం.

గోదావరి లంక గ్రామాల వాళ్లకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఏటికి నీళ్లొచ్చి పడవ ఆగిందంటే బడికి పంతులు రాడు, పురిటి నొప్పులొచ్చిన మనిషిని గట్టు దాటించే దిక్కుండదు. ఆర్క్‌నీ దీవుల మధ్య ఉన్నది ఏరు కాదు, సముద్రం. చలికాలంలో ఆ సముద్రం మామూలుగా ఉండదు. ఓడలు ఉన్నాయి. వెస్ట్రే నుంచి కిర్క్‌వాల్‌కి ఓడలో గంటన్నర దాకా పడుతుంది. విమానంలో పావుగంట. ఉదయం వెళ్లి పని చూసుకుని సాయంత్రానికి ఇంటికి రావాలంటే విమానమే దారి.

అందుకే ఆ ఎనిమిది సీట్లలో కూర్చునేవాళ్లు ఎవరంటే... ఓ దీవిలో పొద్దున, ఇంకో దీవిలో మధ్యాహ్నం పాఠం చెప్పే పంతుళ్లు, రోగుల్ని చూడబోయే డాక్టర్లు, పశువుల డాక్టర్లు, కరెంటు మరమ్మతుల వాళ్లు, ఆసుపత్రిలో చూపించుకోవడానికి వెళ్లే ముసలివాళ్లు, హాస్టల్ నుంచి ఇంటికొచ్చే పిల్లలు. ఓ బ్యాంకు ఉద్యోగిని అయితే దీవి దీవికీ వెళ్లి ఖాతాదారుల పని చూసిపెడుతూ ఉద్యోగ జీవితంలో పదివేల సార్లకు పైగా ఈ చిన్న విమానాలు ఎక్కారు. విమానం ఎక్కడం ఆవిడకి సిటీ బస్సు ఎక్కడంతో సమానం.

కాంట్రాక్టరు మొదలెట్టాడు

స్కాట్లండ్ దీవులకు విమానం కొత్తేమీ కాదు. 1930ల్లోనే కెప్టెన్ ఫ్రెసన్ అనే పైలట్ ‘హైలాండ్ ఎయిర్‌వేస్’ పెట్టి ఇన్వర్‌నెస్ నుంచి కిర్క్‌వాల్‌కి విమానాలు నడిపాడు. 1934లో బ్రిటన్ తపాలా శాఖ అదనపు రుసుము లేకుండా మామూలు ఉత్తరాలను దేశం లోపల విమానంలో పంపడం మొదలుపెట్టింది ఆ దారిలోనే. చిన్న చిన్న దీవుల్లో పొలాలే అప్పుడు విమానాశ్రయాలు. రెండో ప్రపంచ యుద్ధం రావడంతో దీవుల మధ్య సర్వీసులు ఆగిపోయాయి. యుద్ధం ముగిసినా అవి మళ్లీ మొదలవడానికి ఏళ్లు పట్టింది.

ఈలోగా దీవులు ఖాళీ అవుతూ వచ్చాయి. స్కాట్లండ్ పడమటి సముద్రంలో ఒంటరిగా ఉండే సెయింట్ కిల్డా 1930లోనే ఖాళీ అయిపోయింది. మిగిలిన 36 మందీ ‘ఇక ఇక్కడ బతకలేం, మమ్మల్ని తీసుకెళ్లండి’ అని సర్కారుకు అర్జీ పెట్టుకుని ఆ ఏడాది ఆగస్టులో ఓడెక్కారు. ఆర్క్‌నీకీ ప్రధాన భూభాగానికీ మధ్య స్ట్రోమా అని ఓ దీవి ఉంది. 1901లో అక్కడ 375 మంది. 1961 నాటికి 12 మంది. 1962లో వాళ్లూ వెళ్లిపోయారు. ఇళ్లూ, బడీ, చర్చీ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. మనుషులే లేరు.

సరిగ్గా అదే 1962లో, ఫిబ్రవరి 1న, లోగన్‌ఎయిర్ పుట్టింది. దీవుల్ని ఉద్ధరించాలని కాదు. విల్లీ లోగన్ అనే కాంట్రాక్టరు తన పనుల కోసం పెట్టుకున్న సంస్థ అది. స్కాట్లండ్ నలుమూలలా ఆయన కంపెనీ నిర్మాణాలు చేస్తుండేది. టే నది మీద డండీ దగ్గర 2 కిలోమీటర్లకు పైబడిన పెద్ద వంతెన కట్టింది వాళ్లే. రోడ్డు మీద తిరిగితే రోజులు గడిచిపోతున్నాయని, పైపర్ ఆజ్‌టెక్ అనే బుల్లి విమానంతో ఎడిన్‌బరో నుంచి ఎయిర్ ట్యాక్సీ మొదలుపెట్టారు. తొలి పైలట్ కెప్టెన్ డంకన్ మెకింటాష్. ఎవరికైనా ఎక్కడికైనా వెళ్లాలంటే అద్దెకు కూడా ఇచ్చేవాళ్లు. దినపత్రికలు మోశారు, ఉత్తరాలు మోశారు, రోగుల్ని మోశారు.

విధి ఎంత చిత్రమైందో చూడండి. 1966 జనవరిలో విల్లీ లోగన్ ఇన్వర్‌నెస్ దగ్గర కొండను ఢీకొన్న చిన్న విమానంలో చనిపోయాడు. ఆరోజు ఆయన ఎక్కింది తన సంస్థ విమానం కాదు, వేరే చోట అద్దెకు తీసుకున్నది. టే వంతెన ఆ ఏడాది ఆగస్టులో ప్రారంభమైంది. కట్టినాయన చూడలేదు.

మొదలుపెట్టిన మనిషి పోయాక చిన్న సంస్థలు సాధారణంగా మూతపడతాయి. దీన్ని 1968లో స్కాట్లండ్‌కే చెందిన ఓ బ్యాంకు కొనుక్కుంది. తర్వాతి ఏడాది ఆ బ్యాంకు రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్‌లో కలిసిపోవడంతో విమానాలూ దాని చేతికొచ్చాయి. అప్పటి నుంచి 1983 దాకా ఓ బ్యాంకు విమానాలు నడిపిందన్నమాట!

గడ్డి మీద దిగే బండి

లోగన్ చనిపోయిన మరుసటేడాది, 1967లో, ఆర్క్‌నీ దీవుల మధ్య సర్వీసులు మొదలయ్యాయి. వెస్ట్రే - పాపా వెస్ట్రే ప్రయాణం అప్పటిదే. దానికి సరిగ్గా సరిపోయే విమానం కూడా అప్పుడే తయారైంది. దాని పేరే ‘ఐలాండర్’, అంటే దీవివాడు. జాన్ బ్రిటన్, డెస్మండ్ నార్మన్ అనే ఇద్దరు ఇంజినీర్లు ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న వైట్ దీవిలో దాన్ని తయారుచేశారు. 1965లో తొలిసారి ఎగిరింది.

చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు. రెక్కలు పైన, డబ్బా లాంటి శరీరం కింద. చక్రాలు లోపలికి ముడుచుకోవు. ముడుచుకునే ఏర్పాటుంటే అది పాడవుతుంది, బాగుచేయాలి. రెండు నిమిషాల ప్రయాణంలో చక్రాలు ముడిచి మళ్లీ దించే తీరిక ఎక్కడిది? రెండు పిస్టన్ ఇంజిన్లు. లేవడానికీ దిగడానికీ కాసింత స్థలం చాలు. గడ్డి మీద, కంకర మీద కూడా దిగుతుంది. పల్లెటూళ్లలో పాత జీపుని ఎందుకు వదులుకోరో, అక్కడ దీన్ని వదులుకోకపోవడానికీ అదే కారణం.

విమానం తేలిగ్గా ఉంటుంది కాబట్టి ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది బరువును బట్టి చూస్తారు. బాగా లావుగా ఉన్నవాళ్లంతా ఓ పక్కనే కూర్చుంటామంటే కుదరదు. సామాను కూడా అంతే. అక్కడి విమానాశ్రయమంటే పొలాల మధ్య ఓ చిన్న గది, ఓ గాలి సంచి, ఓ అగ్నిమాపక బండి. ఆ బండి నడిపేదీ, సామాను దించేదీ ఊళ్లోవాళ్లే. పొలం పనో, కొట్టో చూసుకుంటూ విమానం వచ్చే వేళకి యూనిఫాం తగిలించుకుని వస్తారు. విమానం వెళ్లగానే మళ్లీ ఎవరి పని వాళ్లది.

ఇక వాతావరణం. ఆర్క్‌నీలో గాలి తగ్గిందంటేనే వింత. గాలితో పైలట్లకు పెద్ద పేచీ లేదు, దానికి ఎదురుగా దిగితే విమానం ఇంకా తొందరగా ఆగుతుంది. పొగమంచుతోనే తంటా. ఈ దీవుల మధ్య పైలట్లు కళ్లతో చూసే దారి వెతుక్కుంటారు. మంచు దట్టంగా కమ్మితే ఆరోజుకి సర్వీసు లేనట్టే. అందుకే రోజుకి అనేకసార్లు లేచి దిగే ఆ పైలట్లకి ప్రతి గట్టూ, ప్రతి రాయీ, గాలి ఏ మూల ఎలా తిరుగుతుందో కంఠతా వచ్చి ఉండాలి. 53 సెకన్ల రికార్డు సాధించిన లింక్‌లేటర్ ఈ ఒక్క దారిలోనే 12 వేల సార్లకు పైగా తిరిగారు. 2013లో రిటైరయ్యారు.

ఆటుపోట్లే టైంటేబుల్

లోగన్‌ఎయిర్ విమానాలు దిగే మరో చోటు ఇంకా విచిత్రమైంది. స్కాట్లండ్ పడమటి వైపున్న బారా దీవి. జనాభా 1200 చిల్లర. అక్కడి విమానాశ్రయానికి కాంక్రీటు రన్‌వే లేదు. సముద్రపు ఒడ్డునున్న ఇసుకే రన్‌వే!

త్రాయ్ మోర్ అనే ఆ ఒడ్డు బాగా వెడల్పు. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి వెళ్లగానే తడి ఇసుక గట్టిపడి బల్లపరుపుగా ఉంటుంది. త్రికోణం ఆకారంలో మూడు రన్‌వేలున్నాయి. గాలి ఏ వైపు నుంచి వీచినా దానికి ఎదురుగా దిగడానికి అనువుగా అలా పెట్టుకున్నారు. వాటి కొసల్ని గుర్తుపట్టడానికి కొయ్య గుంజలు పాతారు. పోటు వచ్చిందంటే మూడు రన్‌వేలూ నీళ్లలోనే. రోజుకి రెండుసార్లు సముద్రం వచ్చి రన్‌వేని కడిగి వెళ్తుందన్నమాట.

అందుకే బారాకి విమానం ఇవాళ వచ్చిన వేళకి రేపు రాదు. ఆటుపోట్ల లెక్క చూసి టైంటేబుల్ వేస్తారు. గ్లాస్గో నుంచి వచ్చే విమానం పేరు ట్విన్ ఓటర్. 19 సీట్లది. అది దిగి వెళ్లాక అదే ఇసుకలో ఊళ్లోవాళ్లు గుల్లలు ఏరుకుంటారు. ‘గాలి సంచి ఎగురుతుంటే ఒడ్డు మీదికి రావద్దు’ అని బోర్డు ఉంటుంది. సంచి కిందికి దించారంటే మళ్లీ ఒడ్డు ఊరిదే. ఇలా ఇసుకతీరం మీద క్రమం తప్పకుండా ప్రయాణికుల విమానాలు దిగే విమానాశ్రయం ప్రపంచంలో మరొకటి లేదంటారు.

ఆ ఒడ్డుకి దీపాలు లేవు. చీకటి పడితే విమానాలు దిగవు. కానీ ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే? ఊళ్లోవాళ్లు కార్లు తెచ్చి వరసగా నిలబెట్టి హెడ్‌లైట్లు వేసేవారు. ఆ వెలుగులో విమానం దిగేది. ఈ సర్వీసు అసలు ఎందుకన్నది ఆ కార్ల వరస చూస్తే చాలు, తెలిసిపోతుంది.

అర్ధరాత్రి పిలుపు

స్కాట్లండ్‌లో విమానం అంబులెన్సుగా మారింది 1933 మే నెలలో. ఐలా అనే దీవిలో ఓ జాలరికి కడుపులో ప్రాణాంతకమైన జబ్బు చేసింది. ఓడలో తీసుకెళ్తే బతకడని విమానంలో గ్లాస్గోకి చేర్చారు. బతికాడు. అప్పటి నుంచి దీవులవాళ్లకు విమానం మీద గురి కుదిరింది.

1960ల చివర్లో ఆ పని చేస్తున్నవాళ్లలో లోగన్‌ఎయిర్ కూడా చేరింది. దాదాపు నాలుగు దశాబ్దాలు, 2006 దాకా, ఆ బాధ్యత మోసింది. పగలు ప్రయాణికుల్ని తిప్పే ఐలాండరే రాత్రి సీట్లు తీసేసి స్ట్రెచర్ పెడితే అంబులెన్సు. ఆసుపత్రి నర్సులు స్వచ్ఛందంగా పేరిచ్చి విమానంలో వెంట వెళ్లేవారు. పురిటి నొప్పులతో ఆసుపత్రికి బయల్దేరి దారిలో, గాల్లోనే బిడ్డను కన్న తల్లులున్నారు.

ఆ మేలు ఊరికే రాలేదు. 1996 మేలో షెట్‌లండ్‌లో ఓ రోగిని ఆసుపత్రికి చేర్చి రాత్రివేళ తిరిగొస్తున్న ఐలాండర్ దిగబోతూ కూలిపోయింది. పైలట్ చనిపోయాడు. 2001 ఫిబ్రవరి 27న ఎడిన్‌బరో నుంచి తపాలా సంచులతో లేచిన షార్ట్స్ 360 విమానం కొద్ది నిమిషాలకే సముద్రపు పాయలో పడిపోయింది. అంతకుముందు విమానం నేల మీద ఉన్నప్పుడు కురిసిన మంచు ఇంజిన్లలోకి చేరి, గాల్లోకి లేచాక రెండూ ఆగిపోయాయి. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. 2005 మార్చి 15 అర్ధరాత్రి దాటాక క్యాంప్‌బెల్‌టౌన్ నుంచి పిలుపొచ్చింది. పదేళ్ల పిల్లాడికి అపెండిసైటిస్ అని అనుమానం. గ్లాస్గో నుంచి పైలట్, ఓ పారామెడిక్ బయల్దేరారు. చేరుకోబోతుండగా వాతావరణం బాగాలేని ఆ రాత్రి విమానం సముద్రంలో పడిపోయింది. ఇద్దరూ మరణించారు.

మరుసటేడు అంబులెన్సు సర్వీసు కొత్త ఏర్పాట్లతో వేరే సంస్థకి వెళ్లింది. అందులో ఎక్కువ సామర్థ్యమున్న విమానాలు, ప్రత్యేకంగా అదే పనికి కేటాయించిన సిబ్బంది వచ్చారు. దీవి జనం మాత్రం లోగన్‌ఎయిర్ పైలట్లని మరిచిపోలేదు. ‘పిలిస్తే వచ్చేవాళ్లు’ అన్న పేరు డబ్బు పెట్టి కొనుక్కునేది కాదు కదా.

పెద్దలు పడిపోయినా...

విమానాల వ్యాపారంలో చిన్నవాళ్లు ముందు మునుగుతారని అందరూ అనుకుంటారు. లోగన్‌ఎయిర్ కథ అందుకు తిరగబడింది. మునిగే ప్రమాదం తనకి రాలేదని కాదు. 1980ల్లో పెద్దవాళ్లతో పోటీగా ఇంగ్లండ్ నగరాలకి రెక్కలు చాచింది. మాంచెస్టర్ నుంచీ విమానాలు నడిపింది. ఆ విస్తరణ అచ్చిరాలేదు. 1994లో స్కాట్లండ్ బయటి దారులన్నీ తన గ్రూపులోని మరో సంస్థకి అప్పగించేసి మళ్లీ చిన్న విమానాలతో దీవుల దగ్గరికే వచ్చింది. అదే ఏడాది బ్రిటిష్ ఎయిర్‌వేస్‌తో ఒప్పందం చేసుకుని ఆ పెద్ద సంస్థ రంగులు, పేరుతో తన విమానాలు నడిపింది. 1997లో సంస్థను నడుపుతున్న అధికారులే దాన్ని కొనుక్కుని యజమానులయ్యారు.

2008 నుంచి ఫ్లైబీ అనే మరో సంస్థ పేరుతో ఎగిరింది. అంటే పాతికేళ్లకు దగ్గరగా విమానం మీద ఒకరి పేరు, లోపల నడిపేది ఇంకొకరు. చివరికి 2017 సెప్టెంబరు 1న సొంత పేరుతో నిలబడింది. విమానాల తోకల మీద స్కాట్లండ్ గళ్ల బట్ట గుర్తు వేసుకుంది.

రెండేళ్లు తిరక్కుండానే 2019 ఫిబ్రవరిలో ఫ్లైబీఎంఐ అనే సంస్థ రాత్రికి రాత్రి మూతపడింది. ఆ దారుల్లో కొన్నింటిని లోగన్‌ఎయిర్ అందుకుంది. 2020 మార్చిలో, నిన్నటిదాకా తనకి పేరు అరువిచ్చిన ఫ్లైబీయే కుప్పకూలింది. మర్నాటికల్లా 16 దారుల్లో తాను నడుపుతానని లోగన్‌ఎయిర్ ముందుకొచ్చింది. ఇప్పుడు దీని విమానాలు ఐలాండర్లు, ట్విన్ ఓటర్లే కాదు. ఏటీఆర్‌లు కూడా ఉన్నాయి. అయినా జనానికి లోగన్‌ఎయిర్ అనగానే గుర్తొచ్చేది ఆ రెండు నిమిషాల బుల్లి విమానమే.

ఖర్చు ఎవరిది?

ఎనిమిది మందితో విమానం నడిపితే టికెట్ డబ్బులు ఖర్చుకి చాలవు. మరి ఎలా? ఆర్క్‌నీ దీవుల మధ్య సర్వీసుల్ని అక్కడి స్థానిక కౌన్సిల్ ‘ప్రజాసేవ’ కింద లెక్కగడుతుంది. సంస్థల నుంచి టెండర్లు పిలిచి, రోజుకి ఎన్నిసార్లు తిరగాలో, టికెట్ ఎంతకి మించకూడదో తనే చెబుతుంది. తగ్గిన డబ్బు ప్రజాధనం నుంచి ఇస్తుంది. బారా సర్వీసుకి స్కాట్లండ్ ప్రభుత్వం ఇలాగే ఇస్తుంది. ఇక పెద్ద దీవుల నుంచి నగరాలకు వెళ్లే విమానాల్లో స్థానికులకు టికెట్ ధరలో రాయితీ. 2006లో 40 శాతంతో మొదలైన ఆ రాయితీని 2016లో 50 శాతానికి పెంచారు.

‘వందమంది కోసం ప్రజల సొమ్ము విమానాలకా?’ అని అడిగేవాళ్లు అక్కడా ఉంటారు. దానికి దీవివాసుల దగ్గర జవాబు సిద్ధం. మైదానంలో వందమంది ఉన్న పల్లెకి రోడ్డు వేసినప్పుడు ఆ రోడ్డు లాభం తెస్తుందా అని ఎవరూ లెక్క చూడరు. మాకు రోడ్డు వేయలేరు. కాబట్టి మా రోడ్డు ఈ విమానమే.

మన దగ్గర ఈ ఆలోచన ఇటీవలిదే. చిన్న పట్నాలను విమానంతో కలిపే ‘ఉడాన్’ పథకం తొలి సర్వీసులు 2017 ఏప్రిల్ 27న ఒకేరోజు మొదలయ్యాయి. సిమ్లా - ఢిల్లీ, నాందేడ్ - హైదరాబాద్‌లతో పాటు కడప - హైదరాబాద్ కూడా వాటిలో ఉంది. గంట ప్రయాణానికి సగం సీట్లు 2500 రూపాయలకే ఇవ్వాలని, తగ్గిన డబ్బు సర్కారు ఇస్తుందని అప్పట్లో నియమం పెట్టారు. అయితే ఆ సాయం ఒక దారికి మూడేళ్లేనన్నారు. ఆలోగా సర్వీసు తన కాళ్ల మీద తాను నిలబడాలని ఆశ. కొన్ని నిలబడ్డాయి, చాలా దారుల్లో విమానాలు ఆగిపోయాయి. ఆరోజు కడపకి విమానం నడిపిన హైదరాబాద్ సంస్థ ట్రూజెట్ కూడా 2022 ఫిబ్రవరిలో ఎగరడం మానేసింది.

రెండు పద్ధతుల మధ్య తేడా అక్కడే ఉంది. ఇక్కడ సాయం ఓ వ్యాపారం నిలదొక్కుకోవడానికి. కడపకి విమానం లేకపోతే రైలుంది, బస్సుంది. ఇబ్బంది పడతారు తప్ప ఊరు ఖాళీ చేయరు. అక్కడ సాయం ఊరు నిలదొక్కుకోవడానికి. మూడేళ్లలో పాపా వెస్ట్రే సముద్రం దాటి ఒడ్డుకి చేరదు కదా! అందుకే అక్కడ టెండరు గడువు తీరితే ఇంకో టెండరు వేస్తారు కానీ సర్వీసు తీసేయరు. వందమంది లోపు జనమున్న చోట రెండు కుటుంబాలు వెళ్లిపోయాయంటే బడిలో పిల్లలుండరు. బడి మూస్తే పిల్లలున్న ఇంకో కుటుంబం వెళ్లిపోతుంది. ఆ తర్వాత కొట్టు మూస్తారు. స్ట్రోమాలో అలాగే ఒక్కో దీపం ఆరిపోయింది.

పాపా వెస్ట్రేలో ఇంకా దీపాలు వెలుగుతున్నాయి. బడి గంట మోగుతోంది. సాయంత్రం వేళ పొలాల మీద ఐలాండర్ చప్పుడు వినపడగానే ఊళ్లో ఎవరో ఒకరు పని ఆపి, యూనిఫాం తొడుక్కుని, అగ్నిమాపక బండి దగ్గరికి నడుస్తారు. విమానంలోంచి ఓ టీచరు దిగుతుంది, మందుల పెట్టె ఒకటి దిగుతుంది, కిర్క్‌వాల్‌లో డాక్టరుకి చూపించుకొచ్చిన ఓ పెద్దాయన దిగుతాడు. ఎక్కేవాళ్లు ఎక్కుతారు. పైలట్ తల వెనక్కి తిప్పి ‘అందరూ బెల్టులు పెట్టుకున్నారా?’ అని అడుగుతాడు.